లారీ నంబరు ఎవరిది?

మా డిపో నుంచి ఒక లారీ బయటికి వెళ్లాలంటే దాని నంబరు ఐదు చోట్ల రాయాల్సి వచ్చేది. గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టర్‌లో ఒకసారి, లోడింగ్ చీటీ మీద ఒకసారి, బిల్లింగ్‌లో ఒకసారి, సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసే ఈ-వే బిల్లు పోర్టల్లో, బండి వివరాలు నింపే పార్ట్ బి దగ్గర ఒకసారి, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఎల్‌ఆర్ (లారీ రసీదు) మీద ఇంకోసారి. వాట్సాప్ గ్రూపులో పెట్టేది వీటికి అదనం. ఐదుగురు మనుషులు రాస్తారు, ఎవరు రాసింది వాళ్లకి కరెక్టే.

"ఇంటిగ్రేషన్ అంటున్నావు, అసలు ఏం చేస్తావే?" అని మా పిన్ని అడిగినప్పుడు, "ఐదు చోట్ల రాసేది ఒక్కచోటే రాసేలా చేస్తా పిన్నీ" అన్నాను. "దానికి జీతం కూడా ఇస్తారా?" అంది. ఇస్తున్నారు మరి.

మాది విజయవాడ శివార్లలో ఒక సి అండ్ ఎఫ్ డిపో. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు, బట్టల పౌడర్లు. కంపెనీ సరుకు మా గోడౌన్‌కి దిగుతుంది, ఇక్కడి నుంచి శ్రీకాకుళం మొదలుకుని నెల్లూరు దాకా డిస్ట్రిబ్యూటర్లకి వెళ్తుంది. కంపెనీవాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ శాప్. మా అకౌంట్లు టాలీలో ఉంటాయి. గోడౌన్‌లో బార్‌కోడ్ స్కానర్ల సాఫ్ట్‌వేర్ వేరు, జీపీఎస్ యాప్ వేరు, ఈ-ఇన్వాయిస్‌కీ (అమ్మకం బిల్లుని ప్రభుత్వం దగ్గర నమోదు చేయడం) ఈ-వే బిల్లుకీ ప్రభుత్వ పోర్టళ్లు వేరు, డిస్ట్రిబ్యూటర్ దగ్గరుండే బిల్లింగ్ ప్యాకేజీ మళ్లీ వేరు. ఇవన్నీ ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి మాట్లాడకుండానే పనిచేశాయి. మధ్యవర్తి ఎక్సెల్.

ఎక్సెల్‌ని తిట్టడం నాకిష్టం లేదు, మా డిపో సగం దాని మీదే బతికింది. కానీ అది కొన్ని పనులు అడక్కుండానే చేసేస్తుంది. ఈ-వే బిల్లు నంబరు 12 అంకెలు. మామూలు గడిలో పేస్టు చేస్తే 1.81ఈ+11 అని చూపిస్తుంది. అదే ఫైల్‌ని సీఎస్‌వీగా, అంటే ఉత్త అక్షరాల ఫైల్‌గా, సేవ్ చేసి పంపితే అవతలివాళ్లకి ఆ ముక్కే అందుతుంది, అసలు నంబరు పోయినట్టే. సున్నాతో మొదలయ్యే ఐటమ్ కోడ్‌లోంచి సున్నా ఎగిరిపోతుంది. ఇలాంటివి పట్టుకోవడానికే మా దగ్గర ఒకబ్బాయి రోజూ సాయంత్రం కూర్చునేవాడు. సాయంత్రం అంటే లోడింగ్ టైము. బయట ముఠా మేస్త్రి "బిల్లు రాలేదా?" అని కేకలు, లోపల ఈ అబ్బాయి ఎక్సెల్ మార్చేయకుండా ఒక్కో నంబరు ముందు సింగిల్ కోట్ పెట్టుకుంటూ కూర్చునేవాడు.

లారీ నంబరు సంగతికొస్తే, అందులో తప్పు పడితే ఏమవుతుందో చట్టంలో స్పష్టంగా ఉంది. ఒకటి రెండు అక్షరాలో అంకెలో తప్పయితే లారీని పట్టుకుని ఆపక్కర్లేదని, సీజీఎస్టీ కింద 500, ఎస్‌జీఎస్టీ కింద 500 జరిమానాతో వదలొచ్చని 2018 సెప్టెంబర్‌లో సర్క్యులర్ ఇచ్చారు. అంతకు మించి తేడా ఉంటే జీఎస్టీ చట్టం 129వ సెక్షను. 2022 జనవరి నుంచి దాని కింద పన్నుకు రెండింతలు పెనాల్టీ. లోడు విలువ పాతిక లక్షలైతే లెక్క మీరే వేసుకోండి. ఇక్కడ తప్పులు కూడా చిన్నవి కావు. ఒక లారీ ఆలస్యమైతే ఇంకో లారీకి ఎక్కిస్తారు, బిల్లింగ్‌లో పాత లారీ నంబరే ఉండిపోతుంది. అది రెండక్షరాల తేడా కాదు, లారీయే వేరు.

దీనికి తోడు తెలంగాణ బండ్లు. 2014 తర్వాత టీఎస్, 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకి టీజీ. విభజనకి ముందు హైదరాబాద్‌లో రిజిస్టరైనవి ఇంకా ఏపీ పేరుతోనే తిరుగుతున్నాయి. మా పాత గేటు సాఫ్ట్‌వేర్‌లో మొదటి రెండు అక్షరాలు ఏపీ గానీ టీఎస్ గానీ లేకపోతే ఎర్ర గీత పడేది. టీజీ బండి మొదటిసారి వచ్చిన రోజు సెక్యూరిటీ ఆయన ఏం చేశాడంటే, ఎర్ర గీత పోవాలని టీఎస్ అని కొట్టేశాడు. అతన్నేమనగలం? బయట బండి హారన్ కొడుతోంది. అడ్డమైన చెక్కులు పెడితే మనుషులు అబద్ధాలు నేర్చుకుంటారు. అన్ని సాఫ్ట్‌వేర్లలో నేను చూసింది ఇదే.

అందుకే పని గేటు దగ్గర మొదలుపెట్టాం. లారీ నంబరు సెక్యూరిటీ ఆయన ఫోన్‌లో ఒక్కసారి కొడతాడు. అది సరుకు రవాణా సమాచారాన్ని ఒకచోట ఇచ్చే ప్రభుత్వ యులిప్ వేదిక ద్వారా, బండ్ల రిజిస్ట్రేషన్లుండే వాహన్ డేటాబేస్‌కి వెళ్లి వస్తుంది. 2022 సెప్టెంబర్ 17న జాతీయ లాజిస్టిక్స్ విధానంతో పాటు వచ్చిన వేదిక అది. రిజిస్టరై, మా అవసరమేమిటో రాసిచ్చి అనుమతి తీసుకోవాలి, కొంత ఓపిక కావాలి. వచ్చాక మాత్రం హాయి. నంబరు నిజంగా ఉందా, ఫిట్‌నెస్ ఉందా, ఇన్సూరెన్సు తేదీ దాటిందా, బండి మొత్తం ఎంత బరువు మోయొచ్చు, అన్నీ లోడింగ్‌కి ముందే తెలుస్తాయి. బరువు సంగతి మాకు చాలా ముఖ్యం. బట్టల పౌడరైతే బరువు ముందు నిండుతుంది, టూత్‌బ్రష్‌లైతే జాగా ముందు నిండుతుంది. రెండూ కలిపి ఎలా సర్దాలో మా ముఠా మేస్త్రికి తెలిసినంత ఏ సాఫ్ట్‌వేర్‌కీ తెలియదు. ఆ జోలికి మేం పోలేదు.

గేటులో కొట్టిన నంబరే లోడింగ్ చీటీకి, బిల్లుకి, పార్ట్ బికి, ఎల్‌ఆర్‌కి వెళ్తుంది. మిగతా నాలుగు చోట్ల ఆ గడి తాళం వేసి ఉంటుంది. చూడొచ్చు, మార్చలేరు. లారీ మారితే మళ్లీ గేటు దగ్గరికే వెళ్లాలి. దీని మీద బిల్లింగ్‌వాళ్లకి మొదట్లో చాలా కోపమొచ్చింది. "ఇన్నేళ్లుగా మేం మార్చుకుంటున్నాం కదా మేడమ్, ఇప్పుడు సెక్యూరిటీని అడగాలా?" అన్నారు. అడగాలి. లారీని కళ్లతో చూసినవాడు అతనొక్కడే. పెళ్లి ముహూర్తం పంతులుగారు పెడతారు, ప్రెస్సువాడు శుభలేఖ మీద అచ్చేస్తాడు, అంతేగానీ ప్రెస్సువాడు ముహూర్తం సవరించడు కదా.

ఇంటిగ్రేషన్ గురించి నేను చెప్పగలిగింది నిజానికి ఈ ఒక్క మాటే. ఏ వివరానికి ఎవరు సొంతదారో ముందు తేల్చుకోవాలి. లారీ నంబరు గేటుది. బ్యాచ్ నంబరు గోడౌన్ స్కానర్‌ది. ధర కంపెనీ శాప్‌ది. డిస్ట్రిబ్యూటర్ బాకీ ఎంతో టాలీ చెప్పాలి. ఏపీఐలు, అంటే సాఫ్ట్‌వేర్లని కలిపే కోడు, రాయడం కుర్రాళ్లు వారంలో చేసేస్తారు. ఈ పంపకానికి మాత్రం మీటింగుల మీద మీటింగులు పట్టాయి, కొన్నింట్లో గొంతులు లేచాయి కూడా. వ్యాపారమంతా ఒకేచోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ కొత్తది కొనేస్తే ఇదంతా పోతుందని అమ్మేవాళ్లు చెబుతారు. పోదు. అదే గొడవ కొత్త స్క్రీన్ మీద జరుగుతుంది, అంతే.

అన్నిటికన్నా ఎక్కువ గొడవ 'బాక్స్' దగ్గరొచ్చింది. షాంపూ సాషేలు తెలుసుగా, కిరాణా కొట్లో దండల్లాగా వేలాడేవి. శాప్‌లో వాటి కొలత కేసు. గోడౌన్‌లోనూ కేసే. ఒక డిస్ట్రిబ్యూటర్ గారి ప్యాకేజీలో మాత్రం కేసు లోపలుండే చిన్న అట్టపెట్టెని బాక్స్ అంటారు. ఆయన 40 బాక్స్‌లు అని ఆర్డరు పెడితే మధ్యలో ఎవరో బాక్స్ అంటే కేసేగా అని కలిపేశారు. 40 కేసులు దిగాయి. ఆయన ఫోన్ చేసి, "అమ్మా, మా ఊరంతా తలంటుకున్నా ఇన్నెందుకు?" అన్నారు. నవ్వొచ్చినా, వెనక్కి తెచ్చే కిరాయి, క్రెడిట్ నోటు, మళ్లీ ఈ-వే బిల్లు, అన్నీ నిజం ఖర్చులే. ఇప్పుడు ఏ ఆర్డరైనా ముందు పీసుల్లోకి మారుతుంది. కేసు, బాక్స్, దండ అన్నవి చూపించడానికి వాడే పేర్లు మాత్రమే. ఒక్కో ఐటమ్‌కి పీసుల లెక్క కంపెనీ ఇస్తుంది, మేం మార్చం.

2025 సెప్టెంబర్ గురించి చెప్పకపోతే ఈ పోస్టు రాయడం దండగ.

సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ రేట్లు తగ్గించింది. అమలు 22 నుంచి. మాకున్నది మూడు వారాల లోపు. షాంపూ, టూత్‌పేస్టు, ఒంటి సబ్బు 18 శాతం నుంచి 5కి వచ్చాయి. బట్టల పౌడరు 18 దగ్గరే ఉంది. ఇంతవరకు తేలికే. చిక్కంతా సబ్బుల్లో. బిళ్ల సబ్బుకే 5 శాతం, ద్రవరూపంలో ఉండే హ్యాండ్‌వాష్ 18లోనే ఉండిపోయింది. రెండూ హెచ్‌ఎస్‌ఎన్ (పన్ను కోసం సరుకుకి ఇచ్చే కోడు) 3401 కిందకే వస్తాయి. సాఫ్ట్‌వేర్లన్నిటికీ ఉమ్మడిగా పెట్టుకున్న టేబుల్లో పన్ను రేటు మొదటి నాలుగు అంకెల మీద కట్టి ఉంది. అది ఎప్పుడో ఒక వెండర్ పెట్టింది, అన్నాళ్లూ రెండిటికీ 18 కాబట్టి ఎవరికీ అవసరం పడలేదు. దాన్ని అలాగే 5కి మారిస్తే హ్యాండ్‌వాష్ అంతా తక్కువ పన్నుతో బిల్లయ్యేది.

పట్టుకున్నది మా అకౌంటెంట్ గారు. నోటిఫికేషన్ ప్రింటు తీయించుకుని, స్కేలు పెట్టి లైను లైను చదివే మనిషి. "అమ్మాయ్, ఇక్కడ 'బిళ్లల రూపంలో' అని ఉంది చూడు. మన హ్యాండ్‌వాష్ బిళ్ల కాదుగా?" అన్నారు. కాదు. ఆ రాత్రి ఐటమ్ మాస్టరంతా ఎనిమిది అంకెల హెచ్‌ఎస్‌ఎన్ మీదికి మార్చాం. అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకే టేబుల్లోంచి రేటు తీసుకుంటున్నాయి కాబట్టి ఒక్కచోట దిద్దితే సరిపోయింది. అదే పాత రోజుల్లో అయితే శాప్ ఒకటి, టాలీ ఒకటి, డిస్ట్రిబ్యూటర్ల ప్యాకేజీలు ఇంకోటి అంటుంటే, 22 పొద్దున్న డిపోకి తాళం వేసుకుని పారిపోవాల్సిందే.

రేటు మారితే ఎమ్మార్పీ మారుతుంది. పాత స్టాకు మీద కొత్త ధర స్టిక్కరు వేసుకోవచ్చని ప్రభుత్వం వీలిచ్చింది. దాంతో గోడౌన్‌లో ఒకే సబ్బు, 890తో మొదలయ్యే ఒకే బార్‌కోడు, రెండు ఎమ్మార్పీలు. స్కానర్‌కి రెండూ ఒకటే. కేసు మీదున్న బ్యాచ్ నంబరు కూడా స్కాన్ చేస్తే తప్ప తేడా తెలియదు. బ్యాచ్ స్కాన్ తప్పనిసరి చేసినందుకు అంతకు ముందు నన్ను తిట్టినవాళ్లే ఆ వారం టీ తాగించారు.

పైగా 22నే దసరా మొదలు. నవరాత్రుల్లో విజయవాడలో భారీ వాహనాల్ని ఊళ్లోకి రానివ్వరు, చుట్టూ మళ్లిస్తారు. ఏటా ఉండేదే గానీ ఆ ఏడు రెండూ ఒకేసారి తగులుకున్నాయి. దారిలో ఉన్న లోడ్లకి ఈ-వే బిల్లు రద్దు చేసి మళ్లీ తీయక్కర్లేదని ప్రభుత్వం ముందే చెప్పడం వల్ల బతికిపోయాం. డ్రైవర్లు మాత్రం "పన్ను మారిందంట కదా, బిల్లు చెల్లుద్దా మేడమ్?" అని ఫోన్ల మీద ఫోన్లు. చెల్లుతుంది నాయనా, పోనీ.

టాలీ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఏ వ్యాపారంలో చూసినా చివరికి లెక్క దాని దగ్గరికే చేరుతుంది. బయటి సాఫ్ట్‌వేర్ టాలీతో మాట్లాడాలంటే మామూలుగా ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే ఫార్మాట్లో, 9000 పోర్టు మీద మాట్లాడాలి. కానీ ఆ కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి, టాలీ తెరిచి ఉండాలి, మా కంపెనీ అందులో ఓపెనై ఉండాలి. అకౌంటెంట్ గారు భోజనానికి వెళ్తూ పొదుపుగా కంప్యూటర్ ఆపేస్తే మా బిల్లులన్నీ క్యూలో నిలబడతాయి. ఆయన్ని మార్చడం కుదరదని తెలిసి క్యూనే గట్టిగా కట్టాం. ఆయన వచ్చి ఆన్ చేయగానే వరసలో వెళ్లిపోతాయి.

అసలు టెన్షన్ ఇంకోటి. బిల్లు పంపాం, నెట్ పోయింది, జవాబు రాలేదు. అందిందా, లేదా? అందలేదనుకుని మళ్లీ పంపితే టాలీలో ఒకే అమ్మకం రెండుసార్లు పడుతుంది, డిస్ట్రిబ్యూటర్ బాకీ రెండింతలు కనిపిస్తుంది, సిస్టమ్ అతని తర్వాతి ఆర్డరు ఆపేస్తుంది. ఈ విషయంలో ప్రభుత్వ ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌ని మెచ్చుకోవాలి. అక్కడ ప్రతి బిల్లుకీ వచ్చే గుర్తింపు నంబరు ఐఆర్‌ఎన్. అది అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, డాక్యుమెంట్ రకం, బిల్లు నంబరు కలిపి తయారయ్యేది. అదే బిల్లు ఎన్నిసార్లు పంపినా అదే ఐఆర్‌ఎన్ కావాలి కాబట్టి రెండోసారి పంపితే 2150 అని ఎర్రర్ ఇస్తుంది, డూప్లికేట్ అని. చాలామంది ఆ ఎర్రర్ చూసి కంగారు పడతారు. నాకు మాత్రం అది శుభవార్త. మొదటిసారి పంపింది అందిందన్నమాట. టాలీకి కూడా మేం ఇదే పద్ధతి పెట్టాం. ప్రతి బిల్లుకీ మారని గుర్తు ఒకటి ఉంటుంది, అది ముందే చేరి ఉంటే రెండోది చడీచప్పుడు లేకుండా పక్కకి పోతుంది.

లారీ ఎక్కడుందో చూడ్డం గురించి అందరికీ ఆసక్తి ఎక్కువ. మా ఓనర్ గారికైతే గోడ మీద పెద్ద టీవీ, దాని మీద మ్యాప్, మ్యాప్ మీద కదిలే చుక్కలు కావాలని కోరిక. పెట్టాం. రెండు వారాలు చూశారు. ఇప్పుడందులో క్రికెట్ వస్తోంది. మా లారీల్లో చాలావరకు ఆటోనగర్ మార్కెట్లో ఆ పూటకి కిరాయికి కట్టినవి. వాటికి మన జీపీఎస్ ఉండదు. కానీ 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ అందరికీ తప్పనిసరి కదా. యులిప్ నుంచే టోల్‌గేటు దాటిన టైము వస్తుంది. పొట్టిపాడు దాటింది, కలపర్రు దాటింది అని తెలిస్తే శ్రీకాకుళం లోడు బయల్దేరినట్టే. ఇటు నెల్లూరు వైపైతే కాజ, ఆ తర్వాత బొల్లాపల్లి. నిమిషం నిమిషం చుక్క కదలక్కర్లేదు.

ఇది నిజంగా పనికొచ్చేది ఈ-వే బిల్లు గడువు దగ్గర. 2021 జనవరి నుంచి 200 కిలోమీటర్లకి ఒక రోజు లెక్క. శ్రీకాకుళం మాకు దాదాపు 450, అంటే మూడు రోజులు. బండి తుని దగ్గర చెడిపోయి ఆగిందనుకోండి, గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిశాక ఎనిమిది గంటల లోపు పొడిగించుకోవాలి. ఆ వ్యవధి దాటితే అంతే సంగతులు. అది అర్ధరాత్రి చుట్టూ పడుతుంది, ఆ వేళ డ్రైవరు గుర్తుపెట్టుకుని ఫోన్ చేస్తాడనుకోవడం మన అమాయకత్వం. ఇప్పుడు గడువు దగ్గరపడి, రావాల్సిన టోల్‌గేటు రికార్డు రాకపోతే నైట్ డ్యూటీ మనిషి ఫోన్ మోగుతుంది. మ్యాప్ అక్కర్లేదు, ఆ ఒక్క మోత చాలు.

ట్రాన్స్‌పోర్టువాళ్లు మా వైపు తిరిగింది మాత్రం పీఓడీ (సరుకు అందిందన్న రుజువు) వల్ల. సరుకు దిగాక డిస్ట్రిబ్యూటర్ ముద్ర వేసి సంతకం పెట్టిన ఎల్‌ఆర్ కాపీ మా దగ్గరికి చేరితేనే బ్యాలెన్సు కిరాయి ఇస్తాం. ఆ కాగితం బస్సు పార్శిల్లో తిరిగి రావడానికి ఎన్ని రోజులైనా పట్టేది. ఇప్పుడు డ్రైవరు అక్కడే ఫొటో తీసి ఎక్కిస్తాడు, తడిసినవో చిరిగినవో ఉంటే ఎన్ని కేసులో నొక్కుతాడు, అవతల డిస్ట్రిబ్యూటర్ ఫోన్‌కి ఓటీపీ వెళ్తుంది. ఆయన ఓకే అంటే కిరాయి బిల్లు టాలీలో దానంతటదే సిద్ధమవుతుంది. మొదట్లో "ఈ యాప్‌లూ అవీ మా డ్రైవర్లకి రావు మేడమ్" అన్న పెద్దమనిషే ఇప్పుడు మధ్యాహ్నానికల్లా ఫోన్. "పీఓడీ ఎక్కిందంట కదమ్మా, సాయంత్రానికి బ్యాలెన్సు పడుద్దా?"

ఇంకా కలపలేనిది రిటర్న్ సరుకు. డ్యామేజీ, ఎక్స్‌పైరీ, పగిలినవి. కారణం సాఫ్ట్‌వేర్ కాదు. ఒక కేసు తడిసిందంటే డిస్ట్రిబ్యూటర్ ట్రాన్స్‌పోర్టు అంటారు, ట్రాన్స్‌పోర్టువాళ్లు లోడింగ్‌లోనే తడిసిందంటారు, కంపెనీవాళ్లు ఫొటో సరిగ్గా లేదంటారు. ఆ నష్టం ఎవరిదో తేల్చే అధికారం ఎవరికీ లేదు, తేలని దానికి టేబుల్ కట్టలేం. వచ్చే నెల కంపెనీ ఏరియా మేనేజర్, ట్రాన్స్‌పోర్టువాళ్లు, మేం కలిసి కూర్చుంటున్నాం. ఎన్ని కేసుల దాకా డిపో సొంతంగా ఒప్పుకోవచ్చో ఒక అంకె రాసిమ్మని అడగబోతున్నాను. ఆ అంకె వస్తే మిగతాది కుర్రాళ్లు రాసేస్తారు. అప్పటిదాకా డిస్ట్రిబ్యూటర్లు డ్యామేజీ లిస్టు నోట్‌బుక్కులో రాసి ఫొటో తీసి పంపుతారు, మా అకౌంటెంట్ గారు కళ్లజోడు సర్దుకుని అది చూసి టాలీలో కొడతారు.